పక్క ఊరికి పోయిరండి

శనివారం సాయంత్రం నాలుగు దాటితే నల్లగొండ బస్టాండులో హైదరాబాద్ బస్సు ఆగేచోట ఒక రకం జనం కనబడతారు. ఒక చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో ఫోను, చూపంతా వచ్చే బస్సు బోర్డు మీద. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, కలెక్టరేట్ సిబ్బంది, ఆసుపత్రి వాళ్ళు. మహబూబ్‌నగర్‌లోనూ ఇంతే, కాకపోతే అక్కడ కొందరు రైల్వే స్టేషన్‌లో ఉంటారు. వీళ్ళకు ఆఫీసుల్లో ఒక పేరుంది: అప్ అండ్ డౌన్ బ్యాచ్. రెండు ఊళ్ళూ హైదరాబాద్‌కు వంద కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉండటంతో పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ళు కొందరు, సోమవారం వచ్చి శనివారం పోయేవాళ్ళు కొందరు.

వీళ్ళలో నల్లగొండలో ఆరేడేళ్ళు చేసినాయన్ని పట్టుకుని పానగల్లు చూశారా అని అడగండి. ‘బోర్డు చూశానండీ’ అంటాడు. పానగల్లు గుళ్ళు క్లాక్ టవర్ నుంచి నాలుగైదు కిలోమీటర్లు.

తప్పు వాళ్ళదేనని అనలేం. ఇంటి దగ్గర పిల్లల చదువులుంటాయి, పెద్దవాళ్ళ మందులుంటాయి, నెల తిరిగేసరికి ఈఎంఐ ఉంటుంది. అయితే ఉద్యోగం వేసిన ఊళ్ళో ఐదారేళ్ళు గడిపి కూడా ఆ ఊరు పరాయిదిగానే మిగిలిపోతే నష్టం మాత్రం మనకే. ఆ ఐదేళ్ళూ మన వయసులోంచే పోతాయి కదా.

దీనికి మందు చాలామంది చెప్పేది: ఊళ్ళో వాళ్ళతో కలవండి, వాకింగుకు పోండి, క్లబ్బులో చేరండి అని. అవన్నీ మంచివే. కానీ నా లెక్కలో అంతకంటే తొందరగా పనిచేసేది ఇంకొకటుంది. మీరుంటున్న ఊరి నుంచి పక్క ఊరికి పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావడం. దేవరకొండ నుంచి వస్తూ, బస్సు ఊరి పొలిమేర దాటుతుంటే సంచి సర్దుకుని ‘నల్లగొండ వచ్చేసింది’ అని లేస్తారు చూడండి, అప్పటిదాకా మీరు ఆ ఊరికి వెళ్ళేవారు, ఆ రోజు మొదటిసారి తిరిగొచ్చారు. నాలుగు ఊళ్ళ నుంచి అలా తిరిగొస్తే ఊరు దానంతటదే అలవాటైపోతుంది.

ఇంకో లాభం ఆఫీసులో కనబడుతుంది. అర్జీ పట్టుకుని వచ్చినాయన ‘మాది దామరచర్ల మండలం సారూ’ అంటాడు. వాడపల్లి దాకా ఒకసారి పోయొచ్చినవాడికి ఆ మనిషి ఎంత పొద్దున లేచి, మిర్యాలగూడలో బస్సు మారి వచ్చాడో తెలుస్తుంది. ‘రేపు రాపో’ అనడానికి నోరు అంత సులువుగా రాదు.

ఎక్కడికి పోవాలి అన్నది రెండో ప్రశ్న. మొదటిది ఎంత దూరం. నేను చెప్పే హద్దు ఒకవైపు గంటన్నర. అంతకు మించితే రోజులో సగం సీట్లోనే గడుస్తుంది, ఇంటికొచ్చి ‘ఇంత కష్టం ఎందుకు’ అనుకుంటారు, మళ్ళీ కదలరు. నల్లగొండ నుంచి గంటన్నరలో మిర్యాలగూడ, సూర్యాపేట, దేవరకొండ వస్తాయి, నాగార్జునసాగర్ కాస్త అటూ ఇటూగా వస్తుంది. మహబూబ్‌నగర్ నుంచి నారాయణపేట, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్. 2016 అక్టోబరు 11న ఈ పాత జిల్లాలు రెండూ ముక్కలయ్యాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా విడిగా జిల్లా అయింది. దాంతో ఒకప్పటి తాలూకా ఊళ్ళు జిల్లా కేంద్రాలై, వాటికి బస్సులూ హోటళ్ళూ పెరిగాయి. తిరిగేవాడికి ఇది కలిసొచ్చిన కాలం.

ఆడవాళ్ళకు మరీ. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బుల్లేవు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే జీరో టికెట్ కొడతారు. సూపర్ లగ్జరీకి ఇది వర్తించదు, కాబట్టి ఎక్కేముందు బోర్డు చూసుకోండి. స్టాఫ్‌రూములో నలుగురు టీచరమ్మలు అనుకుంటే ఆదివారం గద్వాల పోయి రావడానికి అయ్యే ఖర్చు భోజనమూ ఆటోనే. చీర కొంటే ఆ లెక్క వేరు.

సరే, మొదలు మాత్రం అంత దూరం వద్దు. నల్లగొండలో ఉన్నవారు పానగల్లుతోనే మొదలుపెట్టండి. అక్కడ కందూరు చోడుల కాలపు గుళ్ళు రెండున్నాయి, పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం. రెండోదానికి నెమ్మదిగా పోవాలి. మధ్యన మండపం, దాని చుట్టూ మూడు గర్భగుళ్ళు. ఒకదాంట్లో లింగం వెనక ఒక స్తంభం నీడ నిలువుగా పడి ఉంటుంది. పది నిమిషాలు కూర్చుని చూడండి. బయట పొద్దు కదులుతుంది, నీడ కదలదు. మండపంలో ఏ స్తంభం ఆ నీడ వేస్తోందో వెతకడం మొదలుపెడతారు, ఒక్కో స్తంభం ముందు చెయ్యి అడ్డం పెట్టి చూస్తారు, అందరూ చేసే పనే అది. ఎండ నేరుగా గర్భగుడిలోకి రాదు, బయటి వెలుతురు చెదిరి పక్కల నుంచి లోపలికి వస్తుంది. సూర్యుడు ఎక్కడున్నా ఆ వెలుతురు వచ్చే దారులు మారవు కనుక నీడ నిలబడిపోతుంది. కట్టినవాళ్ళు దీన్ని లెక్కవేసే కట్టారు. పక్కనే ఉదయసముద్రం. ఆ చోడుల నాటి చెరువే, ఇప్పుడు కృష్ణా నీళ్ళు నింపుకునే బ్యాలెన్సింగ్ రిజర్వాయరైంది. కట్ట మీద నిలబడితే ఊరి దప్పిక కథ సగం అర్థమవుతుంది. ఫ్లోరైడ్ నీళ్ళను పటిక, సున్నంతో శుద్ధిచేసే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అనే అంటారు. ఆ పేరు ఏ కష్టంలోంచి వచ్చిందో ఇక్కడ ఉద్యోగం చేసేవాడికి తెలిసి ఉండాలి.

మహబూబ్‌నగర్ వారికి ఈ వరసలో మొదటిది పిల్లలమర్రి. ఏడొందల ఏళ్ళదని చెప్పుకునే మర్రి అది. కొమ్మలు విరిగిపడి జనాన్ని లోపలికి పంపడం మానేశాక, 2018లో చెదలు చంపడానికి చెట్టుకు సెలైన్ సీసాలు కట్టి మందెక్కించారు. మనుషుల ఆసుపత్రిలో చూసే సీసాలే, వరుసగా కొమ్మలకు వేలాడుతూ. ఆ ఫోటో అప్పట్లో దేశమంతా తిరిగింది. మీరు చెబుతున్నది ఏ పిల్లలమర్రో ముందే తేల్చుకోండి మరి, సూర్యాపేట పక్కన ఇంకో పిల్లలమర్రి ఉంది. అది కాకతీయుల కాలపు గుళ్ళున్న ఊరు. రెండూ చూడదగ్గవే, ఒకే ఆదివారం మాత్రం కుదరవు.

ఊరు ఎంచుకున్నాక మూడు ప్రశ్నలు వేసుకుని బయల్దేరండి. అక్కడ ఏం చూస్తాను, ఏం తింటాను, ఎవరితో మాట్లాడతాను. మూడోది అందరూ వదిలేస్తారు, అసలు రుచి అందులోనే ఉంది. మన ఆఫీసు అటెండరుది ఏ ఊరో, కంప్యూటర్ ఆపరేటర్ అత్తగారిది ఏ ఊరో కనుక్కోండి. ‘ఆదివారం మీ ఊరు దిక్కు వస్తున్నా’ అంటే ఏ బస్సెక్కాలి, ఏ హోటల్లో తినాలి, ఏ గుడి ఎన్నింటికి మూస్తారు, అన్నీ చెబుతారు. ఫోన్‌లో మ్యాపు చెప్పనివి కూడా. మధ్యాహ్నం పన్నెండు దాటితే చాలా గుళ్ళు మూసేసి సాయంత్రమే తీస్తారు. నాగార్జునకొండ ద్వీపం మీది మ్యూజియానికి శుక్రవారం సెలవు. వెళ్ళాక ఈ సంగతులు తెలిస్తే ఆ రోజు పోయినట్టే.

రైలెక్కేవారికి ఒక హెచ్చరిక. స్టేషన్ పేరు చివర ‘రోడ్’ అని ఉంటే ఊరు అక్కడ లేదని గుర్తు. వనపర్తి రోడ్ స్టేషన్ ఉన్నది మదనాపురంలో, వనపర్తికి అక్కడి నుంచి మళ్ళీ బస్సో ఆటోనో. ఆలంపూర్ రోడ్ కూడా అంతే. జాతీయరహదారి మీద ఆలంపూర్ చౌరస్తాలో దిగి ఆటో పట్టుకోవడమే సుఖం. బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు ఆలంపూర్‌లో పదమూడు వందల ఏళ్ళుగా ఉన్నాయి. పక్కనే శ్రీశైలం జలాశయంలో మునగకుండా రాయి రాయి విప్పి తెచ్చి తిరిగి కట్టిన కూడలి సంగమేశ్వరాలయం ఉంది. రాళ్ళు విప్పి మళ్ళీ పేర్చిన గుడి ఎక్కడా తేడా కనబడకుండా నిలబడటం ఇంజినీర్లు తప్పక చూడాల్సిన విషయం.

ఎండాకాలం మాట వేరే చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో ఈ రెండు జిల్లాల గుట్టలు పెనంలా కాగుతాయి. భువనగిరి కోట ఒకే రాతిగుట్ట, చెట్టు నీడ దొరకదు. తొమ్మిదింటికల్లా దిగిపోయేటట్టయితేనే ఎక్కండి. ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట శిక్షణ పొందింది ఈ గుట్ట మీదే. 2014 మే 25న వాళ్ళు శిఖరం మీదున్నారు. పిల్లలను తీసుకుపోయేవారు ఈ ముక్క గుట్ట కిందే చెబితే, పైదాకా నడిపించడానికి వేరే బతిమాలుకోనక్కర్లేదు.

ఇక చేనేత ఊళ్ళు. ఇవి చూడటానికి ఒక పద్ధతుంది, తెలియకపోతే మనమూ ఇబ్బంది పడతాం, వాళ్ళనూ పెడతాం. పోచంపల్లి అందరికీ తెలుసు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇచ్చి భూదానోద్యమం మొదలైన ఊరు, 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాకెక్కిన ఊరు. పేరున్న ఊరు కనుక దుకాణాలు ఎక్కువ. పని చూడాలంటే సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాక పోండి. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి తేలియా రుమాలు నేస్తారక్కడ. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడే రంగులు. బట్ట ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనె వాసన ఇంకా ఉంటుంది. రంగు వెయ్యకముందే దారాన్ని గీతలు పెట్టి, ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. ముడి ఒక నూలుపోగంత జరిగితే పువ్వు రేకు వంకర పోతుంది. ఇంట్లోకి పిలిస్తే గడప దగ్గరే చెప్పులు విడవండి, మగ్గం మీది పోగులు ముట్టుకోకండి, ఫోటోకు ముందు అడగండి. కొనే ఉద్దేశం లేకుండా బేరం ఆడకండి. ‘చూడ్డానికి వచ్చాం’ అని నిజం చెబితే ఎవరూ వెళ్ళగొట్టరు.

ఆలేరు వైపు పోయినవాళ్ళు శారాజీపేట పేరు వినే ఉంటారు. చింతకింది మల్లేశం ఊరు అది. చీర నెయ్యడానికి ముందు ఆసు పోయాలి, అంటే కొయ్య ముళ్ళ చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు తిరుగుతుంది. వాళ్ళమ్మ లక్ష్మికి భుజం నొప్పి తగ్గేది కాదు. ఆయన ఏళ్ళ తరబడి కుస్తీపట్టి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు, దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఈ సంగతి పుస్తకంలో చదవడం ఒకటి. ఆసు పోసి పోసి భుజం పోగొట్టుకున్న ఒక పెద్దమ్మ పక్కన కూర్చుని, ఆమె చెయ్యి ఎంతదాకా లేస్తుందో చూడటం ఇంకొకటి. గద్వాలలో కూడా ఇలాగే, దుకాణంలో చీర మడత విప్పి చూస్తే తెలియదు. ఒడలు నూలు, అంచు పట్టు, రెండూ వేరువేరు నాడెలతో నేస్తూ ప్రతి వరుసలో ఒకదాన్నొకటి పెనవేస్తూ పోతారు. కుట్టు చీర అంటారు గానీ సూది తగలదు. మగ్గం ముందు ఐదు నిమిషాలు నిలబడితే చీర ధర ఎందుకంతో దుకాణదారు చెప్పనక్కర్లేదు.

ఈ అధ్యాయం చదువుతున్నవారిలో నల్లగొండలో కాక టోక్యోలో ఉన్నవారు కూడా ఉంటారు. మిర్యాలగూడ నుంచి, జడ్చర్ల నుంచి ఐటీ కొలువులకు పోయినవాళ్ళు, విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా నర్సింగ్, వృద్ధుల సంరక్షణ పనులకు పోయిన అమ్మాయిలు. అక్కడి కథా దాదాపు ఇదే. టోక్యోలో ఎదొగావా వార్డులోని నిషికసాయ్ చుట్టుపక్కల మనవాళ్ళు ఎక్కువ. కందిపప్పు దొరుకుతుంది, తెలుగు మాట వినబడుతుంది. శనివారం కిరాణా, ఆదివారం నిద్ర, రాత్రి అమ్మకు వీడియో కాల్. ఏడాదికొకసారి షింకాన్‌సెన్ బుల్లెట్ రైలు ఎక్కి ఒసాకా, క్యోటో ఒకే ఊపులో చుట్టి, ఆ ఖర్చు చూసి మళ్ళీ ఏడాది దాకా కదలరు. హైదరాబాద్ బస్సు ఒకటే లేదు, మిగతాదంతా అప్ అండ్ డౌన్ బ్యాచే.

గంటన్నర హద్దు అక్కడ ఇంకా బాగా నడుస్తుంది. టోక్యో నుంచి గంటలో కామకురా. అక్కడి కంచు బుద్ధుడు పదకొండు మీటర్ల పైన ఎత్తు. ఒకప్పుడు చుట్టూ మందిరం ఉండేది, అది పోయాక ఐదొందల ఏళ్ళకు పైగా ఎండకూ వానకూ ఆరుబయటే కూర్చున్నాడు. కావగోయె ఇంకా దగ్గర, పాత గోడౌన్ల వీధి చూసి మధ్యాహ్నానికి తిరిగిరావచ్చు. ఒసాకాలో ఉన్నవారికి నారా గంటలోపే. 752లో అక్కడి తోదాయ్‌జీ మహాబుద్ధుడికి నేత్రోన్మీలనం చేసి కళ్ళు దిద్దింది బోధిసేనుడనే భారతీయ భిక్షువు. సముద్రాలవతల మనదేశపు మనిషి చెయ్యి కనబడితే ఆ ఊరు ఎంత పరాయిదో మీరే చెప్పండి. షిన్ ఒసాకా, షిన్ యొకొహామా అని ముందు ‘షిన్’ తగిలితే మన వనపర్తి రోడ్‌ను తలచుకోండి, అసలు ఊరి నడిబొడ్డు అక్కడ ఉండదు. రాత్రి చివరి రైలు ఎన్నింటికో పొద్దున్నే చూసుకోండి. దారి తప్పితే కోబన్ అనే చిన్న పోలీసు గదులుంటాయి, మ్యాపు పెట్టుకుని దారి చెబుతారు. చాలా స్టేషన్లలో ఆ ఊరి బొమ్మతో రబ్బరు ముద్ర ఉంటుంది, డబ్బులక్కర్లేదు. పిల్లల చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చి ముద్రలు వేయించండి, తరవాతి ఆదివారం వాళ్ళే మిమ్మల్ని లేపుతారు.

ఫుకువోకాలో ఉన్న నల్లగొండ ఆడపడుచులకు ఇంకో ఊరు చెబుతా, కురుమె. రైలులో దగ్గరే. అక్కడ నేసే కసూరి బట్ట మన పోచంపల్లి లాగే దారానికి ముందు ముడి, తరవాత రంగు, ఆ తరవాత మగ్గం. దాదాపు 1800 ప్రాంతంలో ఇనోవె దెన్ అనే పన్నెండేళ్ళ పిల్ల పాతబట్ట వెలిసిన మచ్చలు చూసి ఆ పద్ధతి కనిపెట్టిందని అక్కడివాళ్ళు చెబుతారు. పుట్టపాక చూసినవాళ్ళకు అక్కడ దుబాసీ అక్కర్లేదు, ముడి వేసే వేళ్ళు చూస్తే చాలు.

అదే, మన దగ్గర చూడకుండా పోతే అక్కడ మాట అందుకోలేం. జపాన్ బౌద్ధులు నాగార్జునుణ్ణి ర్యూజు అంటారు. అక్కడ పెద్ద శాఖల్లో ఒకటైన జోదో షిన్‌షూ వారికి ఏడుగురు ఆచార్యుల వరసలో ఆయనే మొదటివాడు. ఆఫీసులో జపాన్ పెద్దాయన మీ ఊరెక్కడని అడిగితే, నాగార్జునుడి పేరున్న కొండ మా జిల్లా అంచునే ఉందని చెప్పగలగాలి. 1954 నుంచి 1960 దాకా ఇక్ష్వాకుల విజయపురి తవ్వితీసి, ఆనకట్ట నీళ్ళలో మునగకముందే ముఖ్యమైనవి కొండమీదికి చేర్చిన తీరు చెప్పగలగాలి. 2022 మేలో తెరిచిన బౌద్ధ పార్కు బుద్ధవనం సాగర్ ఒడ్డునే ఉంది. సాగర్‌కు మనం ఇప్పటిదాకా గేట్లు ఎత్తినప్పుడే పోతున్నాం, ఇరవయ్యారు గేట్ల ముందు సెల్ఫీ దిగి వస్తున్నాం. ఈసారి గేట్లు మూసి ఉన్నప్పుడు పోండి. జనం తక్కువ, లాంచీలో చోటు దొరుకుతుంది.

ఒక ఊరికి ఒకసారి పోయి, జాబితాలో టిక్కు పెట్టి వదిలేయడం నాకు నచ్చదు. నారాయణపేట మొదటిసారి పోయినప్పుడు చీరల బజారే కనబడుతుంది. రెండోసారి పోయినప్పుడు అదే బజారులో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ ఒకే బేరంలో కలిసిపోవడం వినబడుతుంది. జూరాలలో మొదటిసారి డ్యాము, రెండోసారి చేపల పులుసు. రెండో ప్రయాణానికి తొందర ఉండదు, పలకరించినవాడు గుర్తుపడతాడు. పది ఊళ్ళు ఒక్కోసారి చూడటం కంటే ఐదు ఊళ్ళు రెండేసి సార్లు చూడటం మేలు.

హైదరాబాద్ ఇల్లు మానుకోమని నేననడం లేదు. నెలలో ఒక్క ఆదివారం ఇంటివాళ్ళనే ఇటు రమ్మనండి. బంధువుల పెళ్ళిళ్ళు లేని ఆదివారం దొరకడం కష్టమే, మూఢంలో దొరుకుతుంది. రేపు ఆఫీసుకు పోగానే అటెండరును వాళ్ళ ఊరు ఏదో అడగండి. సాయంత్రం బస్టాండు మీదుగా వస్తూ ఎంక్వైరీ కిటికీ దగ్గర రెండు కనుక్కోండి: ఆ ఊరికి పొద్దున మొదటి బస్సు ఎన్నింటికి, అక్కడి నుంచి ఆఖరు బస్సు ఎన్నింటికి.